జోగమ్మ మొక్కు

పార్వతీపురం,
4 డిసెంబరు 1983.

పెద్దమ్మకు, నీ చేతి అన్నం తిని పెరిగిన పద్మ రాస్తున్నది.

నేను కులాసాగానే ఉన్నాను. ఈ ఏడాది నాకు మూడో తరగతి అప్పగించారు. అరవై ఇద్దరు పిల్లలు, ఒక నల్లబల్ల, రెండు బెంచీలు. సాయంత్రానికి గొంతు పోతోంది గాని, వాళ్ల మధ్య ఉంటే మన పర్సుడీహ్ తెలుగు బడి గుర్తొచ్చి బాగుంటుంది.

పెద్దమ్మా, ఒక పని తలపెట్టాను, కాదనకు. మొన్న ఇక్కడి మహిళా మండలి మీటింగులో నీ కథ చెప్పాను. ఇరవై నిమిషాలు ఒక్కరూ కదల్లేదు. అధ్యక్షురాలుగారు కళ్లు తుడుచుకుని, ఇది పుస్తకంగా రావాలమ్మా అన్నారు. ఆవిడ తమ్ముడికి అచ్చాఫీసు ఉంది. నీ జీవితాన్ని నువ్వే చెప్పుకుంటున్నట్టు 'నేను' అని రాస్తాను. అట్ట మీద పేరు నీదే ఉంటుంది.

నాకు తెలిసింది వరసగా చెబుతాను, తప్పుంటే దిద్దు. 1972 జూన్‌లో ఒక మంగళవారం తెల్లవారి నూకాలమ్మ తల్లి నీకు కనిపించి, ఈ రోజు నీ మొగుణ్ణి గడప దాటనివ్వకు అంది. నువ్వు పెదనాన్నని ఆపేశావు. ఆయన పేరున్న ఇత్తడి బిళ్ళ పట్టుకుని ఆదిత్యపూర్ ఇనప పోత షెడ్డుకి మా నాన్న పోలరాజు వెళ్లాడు. గొలుసు తెగి నాన్న మీద పోత అచ్చుల ఇనప పెట్టె పడింది. మస్టరు హాజరు పట్టీలో ఉన్నది ఆదిబాబు పేరు, పోలరాజు అనేవాడు మా దగ్గర పనే చెయ్యలేదు అన్నాడు కాంట్రాక్టరు. దినం అయిన మర్నాడు నువ్వు నలభై మంది ఆడవాళ్లని నెత్తిన ఘటాలతో ఆ గేటు ముందు కూర్చోబెట్టావు. తొమ్మిది రోజులకి వాడు దిగొచ్చాడు. ఆ రోజు నుంచి ప్రతి కూలీ పేరూ వాడి సొంత పేరే రాస్తున్నారు. ఇప్పటికీ మంగళవారం నీ గుమ్మంలో జనం నీ నోట పలికే అమ్మవారి వాక్కు కోసం కాచుకుంటారు.

ఇందులో నాకు తెలియనిది ఆ మొదటి ఉదయం ఒక్కటే. నేను బడికి వెళ్లిపోయాను, అమ్మ సాక్చి బజారుకి కూరలకి వెళ్లింది. తల్లి ఎక్కడ కనిపించింది, ఏ చీర కట్టుకుంది, ఏ మాటలు అంది, అన్నీ రాయి. పుస్తకం మొదలే అది.

అమ్మకి ఈ ఉత్తరం చదివి వినిపించు. చెప్పుల్లేకుండా ఎండలో తిరగొద్దని నా మాటగా చెప్పు. వినదని తెలుసు.

నీ పద్మ


పర్సుడీహ్,
21 డిసెంబరు 1983.

పద్మా, పెద్దమ్మ దీవెన అందుకో.

ఉత్తరం అందింది. అరవై ఇద్దరంటే మాటలా తల్లీ! మిరియాల పాలు తాగు.

పుస్తకం మాట చదివి నవ్వొచ్చింది, తరవాత నవ్వు రాలేదు. నా కథలో ఏముందని? నాకీమధ్య అంతా విసుగ్గా ఉంది. ఒంట్లో జబ్బేమీ లేదు. మంగళవారం వస్తుందంటే సోమవారం నుంచే నీరసం పట్టుకుంటుంది. మొన్న ఒకావిడ, మా కోడలు ముక్కుపుడక ఎక్కడ పారేసిందో అమ్మనడిగి చెప్పు అంది. నూకాలమ్మకి అదేనా పని? మన గణపతి స్టేషన్ డ్యూటీ దిగి వచ్చేసరికి వాడికి కాళ్లు పెట్టే చోటుండదు ఇంట్లో. “అమ్మా, అబ్ బస్ కరో” అంటాడు, ఇక చాలించమని. నేను తెలుగులో తిడతాను, వాడు హిందీలో నవ్వుతాడు. వాడన్నది తప్పు కాదు.

అయినా మానలేదెందుకు అంటావేమో. బంగారమ్మ ఇరవై రెండేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుంటే మళ్లీ పెళ్లి చెయ్యండని నేను ఆరు నెలలు మొత్తుకున్నాను. ఎవరూ చెవిన పెట్టలేదు. ఒక మంగళవారం అమ్మ మాటగా చెప్పాను, పదిహేను రోజుల్లో చేశారు. తవిటయ్య కూతుర్ని బడి మాన్పించకుండా ఆపిందీ అంతే. ఈ సన్యాసమ్మ చెబితే ఎవడింటాడు? అమ్మ చెబితే వింటారు. అలా అలా పదకొండేళ్లు గడిచిపోయాయి.

నువ్వు రాయాలనే ఉంటే గేటు దగ్గర నుంచి మొదలుపెట్టు. ఆ నలభై మంది పేర్లు కావాలంటే గుర్తున్నంతవరకు పంపుతాను. ఆ ఉదయం సంగతి వద్దు. అది పుస్తకంలో పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఎందుకని అడగకు.

మీ అమ్మ బాగానే ఉంది. కుడికాలి బొటనవేలి కింద చిన్న పుండు లేచింది, పసుపు రాస్తున్నాం. నువ్వు రాసినదంతా చదివి వినిపించాను, పుస్తకం మాట తప్ప.

పెద్దమ్మ


పార్వతీపురం,
9 జనవరి 1984.

పెద్దమ్మకు పద్మ.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వద్దన్నావంటే ఆ దర్శనం గురించి బయటికి చెప్పడం అపచారం అనుకుంటున్నావేమో. అమ్మవారు దాచుకోమని చెప్పిందా? అలాగైతే ఆ మాటే రాస్తాను. ఏమీ లేకుండా మొదలుపెడితే చదివేవాళ్లకి ఎలా అర్థమవుతుంది?

నువ్వు పంపలేదు కాబట్టి నాకు తోచినట్టు మొదటి పేజీ రాశాను. కోప్పడకుండా చదువు:

“ఆనాటి ఉదయం కుళాయి దగ్గర బిందె నిండుతూ ఉండగా రైలు పట్టాలకి అవతల పసుపుచీర కట్టిన స్త్రీమూర్తి నిలుచుని ఉండడం చూశాను. ఆమె తడి జుట్టు నేలను తాకుతున్నది. నా దేహం గగుర్పొడిచింది. నీ మాంగల్యాన్ని కాపాడుకో అన్న దివ్యవాణి నా చెవుల్లో మారుమోగింది. ఆ క్షణమే సామాన్యురాలినైన నేను మేల్కొన్నాను.”

బాగుందా? అధ్యక్షురాలుగారికి చాలా నచ్చింది. అచ్చాఫీసాయన ఉగాదికి తేవాలంటున్నారు.

ఇంకొకటి. అమ్మ పుండు ఇంకా మానలేదా? పసుపుతో ఊరుకోవద్దు. గణపతి అన్నయ్యకి చెప్పి డాక్టరుకి చూపించండి. ఇక్కడ మా హెడ్మాస్టరుగారి అత్తగారికి అలాగే చిన్న పుండు లేచి షుగరని తేలింది. నాకు భయంగా ఉంది. తిరుగు టపాలో రాయి.

పద్మ


పర్సుడీహ్,
6 ఫిబ్రవరి 1984.

పద్మా, నీకు పెద్దమ్మ.

మంచి వార్త రాయలేకపోతున్నాను. గణపతి మీ అమ్మని బలవంతాన రిక్షా ఎక్కించి తీసుకెళ్లాడు. షుగరేనట, చాలా ఎక్కువ ఉందిట. పుండు లోపలికి తినేస్తోంది. డాక్టరు మందులిచ్చి, కాలు నేల మీద పెట్టకూడదు, పెడితే మెత్తటి చెప్పు ఉండాలి, మట్టీ రాళ్లూ తగిలితే పాదం తీసెయ్యాల్సి వస్తుంది అన్నాడు. గణపతి వచ్చేదారిలో చెప్పులు కొనిచ్చాడు. ఆమె వాటికి దణ్ణం పెట్టి సంచీలో పెట్టుకుంది. అంతే.

ఎందుకో నీకూ తెలుసు. మీ నాన్న పోయిన తొమ్మిదో నాడు నా నోట నూకాలమ్మ మీ అమ్మకి వాక్కు చెప్పింది కదా, నువ్వు మొక్కు మరిచావు, పన్నెండు ఘటాలు ఎత్తు, పన్నెండో ఘటం దిగేదాకా కాలికి చెప్పు తొడక్కు అని. నువ్వు చిన్నదానివి, పక్కనే ఉన్నావు. పదకొండు అయ్యాయి. ఉగాది ముందు అమావాస్యకి పన్నెండోది. ఖర్కాయి నది ఒడ్డు నుంచి మన గుడి దాకా తారు రోడ్డు మీద నెత్తిన ఘటంతో నడవాలి. డాక్టరు మాట చెబితే ఏమందో తెలుసా?

“అప్పా, పదకొండు మోసినాను. ఇదొక్కటీ మానేత్తే ఆ పదకొండూ మట్టిపాలే గదా. కాలు పోతే పోనీ. పైకెల్లి మా ఇంటాయనకి ఏటి సెప్తాను? నీకోసం పన్నెండూ మొయ్యనేదని సెప్పాలా?”

కుండ కిందికి దించి కడిగినదాన్నే మళ్లీ కడుగుతూ కూర్చున్నాను.

నువ్వు రాసిన పేజీ చదివాను. చక్కగా రాశావు, చదువుకున్నదానివి. అది అచ్చు వెయ్యకు పద్మా. నీకు దణ్ణం పెడతాను. ఇంతకుమించి అడగకు.

పెద్దమ్మ


పార్వతీపురం,
14 ఫిబ్రవరి 1984.

పెద్దమ్మా,

పుస్తకం సంగతి తరవాత. అమ్మ కాలు ముందు.

సెలవు కోసం అర్జీ పెట్టాను. పరీక్షలు దగ్గర పడ్డాయి, మార్చి ఆఖరు దాకా కదలడానికి వీల్లేదన్నారు. నేనొచ్చినా నా మాట వింటుందా? డాక్టరు మాట వినలేదు, అన్నయ్య మాట వినలేదు. ఆమె వినేది ఒక్కరి మాటే. ఆ మొక్కు చెప్పింది అమ్మవారు, తీసెయ్యగలిగిందీ అమ్మవారే.

మంగళవారం ఆమెని ముందు కూర్చోబెట్టుకుని అడుగు. తల్లి కరుణించదా? పదకొండు ఘటాలు చాలు, చెప్పులు తొడుక్కో అన్న ఒక్క మాట నీ నోట వస్తే అమ్మకి పాదం దక్కుతుంది. నీ కాళ్లు పట్టుకుంటున్నాననుకో. నాన్నని చూడలేదు ఆఖరిసారి. అమ్మని ఇలా చూడలేను.

వెంటనే జవాబు రాయి.

పద్మ


పర్సుడీహ్,
8 మార్చి 1984.

పద్మా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు కాగితాలు చింపేశాను. ఎవరూ లేని చోట కూర్చుని చదువు.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న మంగళవారం తలంటుకుని, పసుపు పూసుకుని, వేపమండలు పట్టుకుని ఊగాను. గుమ్మం నిండా ఆడవాళ్లున్నారు. మీ అమ్మ ముందే కూర్చుంది, కాలు గుడ్డతో కట్టుకుని. నేను గొంతు పెంచి, “జోగీ, నా మనసు నిండింది. పదకొండు సాలు. సెప్పులు తొడుక్కో” అన్నాను. అందరూ అమ్మా తల్లీ అని చేతులెత్తారు. మీ అమ్మ ఎత్తలేదు. నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది. జనం వెళ్లాక మెల్లగా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

“అప్పా, నా మీద జాలితో సెప్పినావు. నాకు తెల్దా ఏటి? ఇది అమ్మ గాదు. అమ్మ గొంతు ఇలాగుండదు. ఆయేల తొమ్మిదో నాడు పలికింది సూడు, అదీ అమ్మ. ఒల్లు జలదరించిపోనాది. ఆ మాట అమ్మే వచ్చి దాటించినా నాను దాటను.”

నా చెయ్యి వదిలి, నవ్వి, కుంటుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.

పద్మా, తొమ్మిదో నాడు పలికిందీ నేనే.

ఇప్పుడు మొత్తం రాస్తాను. ఆ మంగళవారం ఉదయం నాకు ఎవరూ కనిపించలేదు. పసుపు చీరా లేదు, తడి జుట్టూ లేదు. మీ పెదనాన్న ముందురోజు తాగి పడిపోయాడు, ఎంత లేపినా లేవలేదు. అప్పటికి రెండు నాగాలు అయ్యాయి, మూడోది పెడితే బిళ్ళ వెనక్కి లాక్కుంటారు. నేను ఆ బిళ్ళ పట్టుకుని మీ ఇంటికి వెళ్లాను. మీ నాన్న గూడ్సు షెడ్డులో రాత్రంతా బస్తాలు మోసి అప్పుడే వచ్చి చద్దన్నం ముందు కూర్చున్నాడు. “మరిదీ, ఈ ఒక్క పూట ఎల్లొచ్చీ, బిళ్ళ పోతే మేం రోడ్డున పడతాం” అన్నాను. “అలాగే వదినా, ఈ నాలుగు మెతుకులూ తిననీ” అన్నాడు. సైరను కూస్తోంది. “బేగెల్లు, వచ్చి తిందువుగాని” అన్నాను. చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేసి, చెయ్యి కడుక్కుని వెళ్లాడు.

మధ్యాహ్నానికి శవాన్ని తెచ్చారు. మీ మేనమామలు మా ఇంటి మీదికి వచ్చారు. నీ మొగుడు ఇంట్లో పడుకుని మా బావని చావుకి పంపాడా అని అరిచారు. మీ పెదనాన్న తలుపు వెనక దాక్కున్నాడు. ఆయన్ని లాగి కొడతారని నాకు కాళ్లు చచ్చుబడి పడిపోయాను. పడడం నటన కాదు, ఒట్టు. పడ్డాక నోట్లోంచి వచ్చింది మాత్రం నాకు తెలిసే వచ్చింది. “నాను నూకాలమ్మని. ఈడి పెళ్లానికి కనపడి నానే ఆపినాను” అన్నాను. అరుపులు ఆగిపోయాయి. మీ మేనమామలు దణ్ణం పెట్టారు. బతికిపోయాం అనుకున్నాను. ఆ క్షణంలో నాకు అనిపించింది అదొక్కటే, దాచను.

తొమ్మిదో నాడు మీ అమ్మ వచ్చి నా ముందు కూర్చుని, “తల్లీ, అప్పకి కనపడినావు. నాకెందుకు కనపడనేదు?” అంది. ఏం చెప్పను? నిజం చెబితే అన్నీ ఊడిపోతాయి. నువ్వు మొక్కు మరిచావు అన్నాను. ఏ మొక్కని కూడా అడగలేదు. నీకు తట్టు పోసినప్పుడు మొక్కిన కోడి తనకే గుర్తొచ్చి గుండెలు బాదుకుంది. పన్నెండు ఘటాలు, చెప్పుల్లేని కాళ్లు, అవన్నీ అప్పుడు నోటికొచ్చినవి. ఏదో శిక్ష చెబితే ఊరుకుంటుందనుకున్నాను. ఆ రోజు నుంచి నా కళ్ల ముందే నడుస్తోంది. వేసవిలో తారు కరిగితే బొబ్బలెక్కిన కాళ్లకి వెన్న రాసింది నేనే.

గేటు ముందు కూర్చున్నది భక్తితో కాదు, ఇంట్లో కూర్చోలేక. అయితే అక్కడ ఒకటి జరిగింది, నువ్వు నమ్మినా నమ్మకపోయినా రాస్తాను. ఏడో రోజు మిట్టమధ్యాహ్నం కళ్లు తెరిచే ఉన్నాను. రెండో షిఫ్టు హాజరుకి పేర్లు వేయించుకోవడానికి నిలుచున్న కూలీల వరసలో ఆఖర్న ఒక ఆడమనిషి ఉంది. మసి చీర, కాళ్లకి ఏమీ లేవు. తన వంతు కోసం నిలబడి ఉంది. గుమాస్తా ఆమె వంక చూడనే లేదు. నాకు ఎవరో తెలిసిపోయింది. ఆమె నాతో ఏమీ అనలేదు. అనలేదు కాబట్టే అది నిజమని అనుకుంటాను. నాకు అమ్మ కనిపించింది ఆ ఒక్కసారే. తరవాత ఎన్ని మంగళవారాలు ఎదురుచూశానో.

మీ పెదనాన్న పోయాక ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అమావాస్యకి ఇంకా మూడు వారాలే ఉంది. మీ అమ్మకి నేను చెప్పాలా, నువ్వొచ్చి చెబుతావా? నాకు ఓపిక లేదు పద్మా. నువ్వేదంటే అది.

పెద్దమ్మ


పార్వతీపురం,
17 మార్చి 1984.

సన్యాసమ్మగారికి,

ఉత్తరం అందింది. నాలుగు రోజులు బడికి వెళ్లలేదు.

అమ్మకి నేను ఏ ఉత్తరం రాసినా చదివి వినిపించేది మీరే. అందుచేత మీరే చెప్పాలి. నేను వచ్చేదాకా ఆగితే అమావాస్య దాటిపోతుంది. పసుపు పూసుకోకుండా, వేపమండలు లేకుండా, మీ గొంతుతో చెప్పండి. ఓపిక లేదన్నారు. మా అమ్మ పదకొండేళ్లు నడిచింది.

నాన్న పళ్లెంలో ముద్ద వదిలేసి వెళ్లాడన్నది నాకు తెలియదు. ఎందుకు రాశారా అని తిట్టుకున్నాను. అది రాశారు కాబట్టే మిగతాదంతా నమ్మాను. ఆ రోజు నేను బడి నుంచి ఏడుస్తూ వస్తే ఆ పళ్లెం మా గడప దగ్గరే ఉంది, మీరు నన్ను ఎత్తుకుని మీ ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టారు. ఏ చేత్తో పెట్టారో నాకు తెలియడం లేదు.

పుస్తకం ఆపేశాను. కాగితాలు అచ్చాఫీసు నుంచి వెనక్కి తెచ్చుకున్నాను.

పద్మకుమారి


పర్సుడీహ్,
5 ఏప్రిల్ 1984.

పద్మా,

మీరు అని రాశావు. రాయాల్సిందే, నాకు తగిందే.

ముందు పాదం సంగతి. మీ అమ్మ ఆసుపత్రిలో ఉంది. బొటనవేలు తీసేశారు. పాదం నిలుస్తుంది, సకాలంలో తెచ్చారు అన్నాడు డాక్టరు. గణపతీ కోడలు అమ్మణ్ణీ వంతులేసుకుని ఉంటున్నారు. నన్ను రావొద్దంది, వెళ్లడం లేదు. నువ్వు పదో తారీకు రైలుకి వస్తున్నావని గణపతి చెప్పాడు. స్టేషనుకి వాడే వస్తాడు.

ఎలా జరిగిందో నువ్వు తెలుసుకోవాలి గనక రాస్తున్నాను. నీ ఉత్తరం అందిన మర్నాడే వెళ్లాను. మీ అమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నీకు రాసినదంతా ఆమెకి చెప్పాను. మీ నాన్న ముద్ద సంగతి రెండుసార్లు చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. అంతా విని, “అప్పా, రాల్లు కనపడ్డం నేదు. ఎలుగుకి అడ్డం నిలబడకు” అంది. పక్కకి జరిగాను. ఆమె మళ్లీ చేట మీదికి వంగాక వచ్చేశాను.

ఆ రోజు నుంచి పొయ్యి వేరు పెట్టుకుంది. ఎదురుపడినా పలకలేదు. అయితే కుమ్మరి దగ్గరికి మనిషిని పంపి కొత్త ఘటం తెప్పించుకుంది, పసుపు దంచింది. నమ్మలేదా, నమ్మి కూడా మోస్తుందా? కాళ్ల మీద పడదామని రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను.

అమావాస్యకి ముందు మంగళవారం వచ్చింది. నేను తలంటుకోలేదు, పసుపు పెట్టుకోలేదు. ఈ వారం వాక్కు లేదని చెప్పి పంపేద్దామని గుమ్మంలో కూర్చున్నాను. పండగ ముందు వారం కదా, మామూలు కంటే రెట్టింపు జనం, వీధి దాకా ఉన్నారు. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ గోడ పట్టుకుంటూ వచ్చింది. అందరూ దారిచ్చారు. ముందుకొచ్చి కూర్చుంది.

“నాను అమ్మని అడగడానికి రానేదు. సన్యాసమ్మనే అడుగుతన్నాను. నా పెనిమిటి ఎందుకు పోనాడు?”

పదకొండేళ్ల కిందట అడిగినట్టే చేతులు జోడించి అడిగింది. నేను తల దించుకుని, “నేను పంపబట్టి పోయాడు” అన్నాను.

“నాకేటి మొక్కు తప్పింది?”

“ఏ మొక్కూ తప్పలేదు. నేను కల్పించాను.”

“గట్టిగా సెప్పు. ఎనకున్నోల్లకి ఇనపడనేదు.”

లేచి నిలబడి చెప్పాను పద్మా. మీ పెదనాన్న తాగి పడుకోవడం దగ్గర నుంచి తొమ్మిదో నాటి వాక్కు దాకా. వీధి చివర ఉన్నవాళ్లకి కూడా వినపడేట్టు చెప్పాను. ఎవరూ రాయి విసరలేదు. ఒకామె ఏడుస్తూ వెళ్లిపోయింది. తవిటయ్య పెళ్లాం లేచి, “అయితే మా గుంటని బడి మానిపించీమంటావేటి?” అంది. “వద్దు. పంపించు. అది నేను చెబుతున్నాను, అమ్మ కాదు” అన్నాను. ఆమె కొంగు దులుపుకుని వెళ్లింది. పంపుతుందో లేదో తెలియదు. నిన్నయితే ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని వెళ్లడం చూశాను.

పుస్తకం రాయమనీ అనను, వద్దనీ అనను. రాస్తే మీ నాన్న పేరు రాయి. పోలరాజు పని చేసినట్టు ఆదిత్యపూర్‌లో ఏ మస్టరులోనూ లేదు. మేం తొమ్మిది రోజులు కూర్చుని అందరి పేర్లూ రాయించాం గాని, చనిపోయినవాడి పేరు రాయడం కుదరదన్నారు. దాని గురించి నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

ఆ మంగళవారం ఆఖర్న జరిగింది మిగిలింది. జనం పల్చబడ్డాక మీ అమ్మ లేచింది. గుమ్మం దగ్గర నేను విడిచిన రబ్బరు చెప్పులు ఉన్నాయి. వాటి ముందు ఆగింది. గోడ పట్టుకుని ముందు ఎడమకాలు పెట్టింది. అలవాటు తప్పిన వేళ్లు పట్టీలో దూరలేదు. చేత్తో వేళ్లు విడదీసుకుని దూర్చుకుంది. గుడ్డ కట్టిన కుడికాలు పెట్టడానికి చాలాసేపు పట్టింది, నొప్పికి కళ్ల వెంట నీళ్లు కారాయి. పట్టుకుందామని నేను ఒక అడుగు వేస్తే అరచెయ్యి చూపించి ఆపింది.

తొడుక్కున్నాక నా వంక చూసింది. “పదకొండు మోసినాను” అంది. “ఎవులికి మోసినానో నువ్వే సెప్పాల.”

తరవాత నా చెప్పులతోనే ఇంటికి నడిచి వెళ్లిపోయింది.

సన్యాసమ్మ